వైకింగ్ కిట్ కుట్టుకుంటున్నారా? ముందు ఆ లెదర్ పక్కన పెట్టండి

"అక్కా, మంచి లెదర్ కవచం ఎక్కడ దొరుకుతుంది?" వైకింగ్ రీఎనాక్ట్‌మెంట్‌లోకి, అంటే వెయ్యేళ్ల కిందటి స్కాండినేవియా ఓడ యోధుల వేషం కట్టి వాళ్ల జీవితాన్ని మళ్లీ ఆడి చూపించే సరదాలోకి, కొత్తగా అడుగుపెట్టే మనవాళ్ల నుంచి నాకొచ్చే మొదటి మెసేజ్ దాదాపు ఎప్పుడూ ఇదే. ఇంగ్లండ్ ఉత్తరాన ఉంటాను. ఇక్కడి గ్రూపులకు పదో శతాబ్దపు బట్టలు కుట్టివ్వడం నా పని. ట్యూనిక్‌లు (పొడుగాటి పైచొక్కాలు), ప్యాంట్లు, టోపీలు, కాళ్లకు చుట్టుకునే పట్టీలు, అడిగితే బూట్లు కూడా. ఫిబ్రవరిలో యార్క్ ఊళ్లో జరిగే వైకింగ్ పండగ, జోర్విక్ ఉత్సవం దగ్గరపడుతుంటే ఈ ప్రశ్న రోజూ వస్తుంది. అడిగేవాళ్ల తప్పేం లేదు. ఇంటర్నెట్లో వైకింగ్ అని కొడితే కనిపించేదంతా నల్లటి తోలే మరి. కానీ ఆ అపోహకి జనం పోసే డబ్బు చూస్తుంటే కడుపు మండుతుంది. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: వైకింగ్ అంటే తోలు.

వాస్తవం: వైకింగ్ అంటే ఉన్ని, లినెన్ (అవిసె నార బట్ట). తోలు పాదాలకు, నడుముకి, కత్తి ఒరకి, చిన్న సంచికి. అక్కడితో సరి.

తోలు చొక్కా, తోలు ప్యాంటు, ముంజేతికి తాళ్లతో బిగించే పట్టీలు, ఛాతీ మీద ఇనుప బొత్తాలు కొట్టిన కవచం, జానెడు వెడల్పు బెల్టు. వైకింగ్ కాలపు తవ్వకాల్లో వీటిలో ఏ ఒక్కదానికీ ఆధారం లేదు. అప్పటి బెల్టు బకిల్స్, బెల్టు చివర తొడిగే లోహపు ముక్కలు బోలెడు దొరికాయి. చాలావాటి వెడల్పు రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే మీ ఆఫీసు బెల్టు కన్నా సన్నం.

ఇది చెప్పగానే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "తోలు వెయ్యేళ్లలో కుళ్లిపోయి ఉంటుంది కదా, దొరకనంత మాత్రాన లేదంటే ఎలా?" అమ్మేవాళ్లే ఈ మాట నేర్పుతారు. కాస్త ఓపిగ్గా వినండి, అసలు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. అప్పట్లో వైకింగుల ఊరైన యార్క్‌లో కాపర్‌గేట్ అనే వీధిలో 1976 నుంచి 1981 దాకా తవ్వారు. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, గాలి చొరబడదు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందదు. అలాంటి నేలలో చక్కగా నిలిచే వస్తువుల్లో తోలు ఒకటి. బూట్లు, ఒరలు, బూట్లు కుట్టేవాళ్లు కత్తిరించి పారేసిన ముక్కలు అక్కడ కుప్పలు తెప్పలుగా దొరికాయి. ఊళ్లో తోలు పని ఏమేం జరిగిందో ఆ చెత్తే చెబుతుంది. అందులో కవచం లేదు, ముంజేతి పట్టీ లేదు, తోలు చొక్కా లేదు. ఆ నేలలో నిజంగా నిలవనిది లినెన్. వెయ్యేళ్లలో మాయమైపోయిన బట్ట ఏదైనా ఉందంటే అది తోలు కాదు, లోపల తొడుక్కున్న లినెన్ చొక్కా.

ఇప్పుడు ఉత్తర జర్మనీలో ఉన్న హెడెబీ చూడండి. వైకింగ్ కాలంలో పెద్ద రేవు. 1979, 80ల్లో ఆ రేవు అడుగున తవ్వితే బట్టపేలికలు బయటపడ్డాయి. చిరిగిన పాత బట్టల్ని ముక్కలు చేసి, తారులో ముంచి, ఓడలకు తారు పూయడానికి వాడి పారేసినవి అవి. ఆ పేలికల మీద కుట్టు వెంట కుట్టు పరిశీలించి ఇంగా హెగ్ అనే పరిశోధకురాలు ట్యూనిక్‌లు, ప్యాంట్లు ఎలా కత్తిరించారో తేల్చి చెప్పింది. మేమందరం ఈరోజుకీ ఆవిడ పని మీదే ఆధారపడి కుడుతున్నాం. తారు గుడ్డలు కూడా నిలిచిన చోట, తోలు బూట్లు నిలిచిన చోట, తోలు కవచాలు మాత్రమే ఏరుకుని మాయమైపోయాయంటే నమ్మమంటారా?

ఓ కుర్రాడి సంగతి చెప్పాలి. మాస్టర్స్ చదవడానికి వచ్చినవాడు, మన తెలుగువాడే. వారాంతాల్లో పార్ట్‌టైం చేసి కూడబెట్టిన డబ్బుతో ఆన్‌లైన్లో "అసలు సిసలు వైకింగ్ యోధుడి సెట్" కొన్నాడు. తోలు కవచం, భుజాల మీద బొచ్చు, ముంజేతి పట్టీలు, మోకాళ్లదాకా బూట్లు. ఎంతో సంబరంగా అవన్నీ తొడుక్కుని క్యాంపు దగ్గరికి వచ్చాడు. ప్రతి గ్రూపులోనూ కిట్ సరిచూసే మనిషి ఒకరుంటారు. ఆవిడ మర్యాదగానే చెప్పింది, వీటితో లోపలికి రాకూడదని. ఆ పిల్లాడి మొహం చూడలేకపోయాను. నా డేరాలోకి పిలిచి టీ ఇస్తే, ముందు అడిగిన మాట "అక్కా, ఇవి వాపసు తీసుకుంటారా?" తీసుకోలేదు. నా దగ్గరున్న పాత ట్యూనిక్ ఒకటి, కాళ్ల పట్టీలు ఇచ్చాను. సాయంత్రం దాకా అందరితో కలిసి తిరిగాడు, డాళ్లు ఆనించి వరుసగా నిలబడే షీల్డ్ వాల్‌లో నిలబడ్డాడు, ఒక్కరు కూడా వింతగా చూడలేదు. తర్వాత కత్తెర పట్టుకుని తన ట్యూనిక్ తనే కుట్టుకున్నాడు. ఆ కవచం డబ్బుతో నిలువెల్లా సరిపడే ఉన్ని, లినెన్, ఓ జత బూట్లు వచ్చేవి. ఇలాంటివాళ్లు ప్రతి సీజన్‌లోనూ కనబడుతున్నారు. అందుకే ఏదైనా కొనే ముందు మీ గ్రూపువాళ్లకు ఫొటో పంపి అడగండి. అడిగితే చిన్నతనం కాదు, గ్రూపులు కోరుకునేదే అది.

మరి డబ్బు దేనికి పెట్టాలి? గుడ్డకి.

నూరు శాతం ఉన్ని అని రాసి అమ్మే బట్టలో సగానికి సగం పాలియెస్టర్ ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. కొనే ముందు చిన్న ముక్క అడిగి తీసుకోండి. నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే అయిష్టంగా అంటుకుంటుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే తనే ఆరిపోతుంది, మిగిలింది వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. లినెన్ కాగితం కాలినట్టు కాలి మెత్తటి బూడిద అవుతుంది. కరిగి, నల్లగా గట్టి పూస కట్టిందంటే అది ప్లాస్టిక్. ఇది చరిత్ర పట్టింపు మాత్రమే కాదు. క్యాంపులో రోజంతా నెగళ్ల చుట్టూ తిరుగుతాం, అక్కడే వండుకుంటాం. నిప్పురవ్వ పడితే ఉన్ని ఓ చిల్లు పడి ఊరుకుంటుంది. పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

కాటన్ సంగతీ అడుగుతారు, ఇంటినుంచి తెచ్చిన ఖద్దరు వాడొచ్చా అని. స్కాండినేవియాలో అప్పట్లో మామూలు బట్టగా కాటన్ లేదు. లోపలి చొక్కాకి లినెన్ తీసుకోండి. డెన్మార్క్‌లోని విబోర్గ్‌లో పదకొండో శతాబ్దపు లినెన్ చొక్కా ఒకటి దొరికింది. లినెన్ నిలవడమే అరుదు కాబట్టి దాన్ని మేం ప్రాణంగా చూసుకుంటాం.

కటింగ్ గురించి భయపడకండి. నార్వే ఉత్తరాన షోల్దెహామ్న్ దగ్గర 1936లో నేలలోంచి తీసిన పదకొండో శతాబ్దపు బట్టలు చూడండి. ఒంటికి పొడవాటి చదరపు ముక్కలు, కింద ఘేరు కోసం త్రికోణపు ముక్కలు. గుడ్డ వృథా కాదు. హెడెబీలో మాత్రం చంక దగ్గర గుండ్రంగా కత్తిరించి చేతులు అతికించిన ముక్కలు కూడా ఉన్నాయి. కాబట్టి "వైకింగులకు డబ్బాల్లాంటి బట్టలు తప్ప తెలియవు" అనే మాటా తప్పే. మీకు కుట్టు కొత్త అయితే చదరపు పద్ధతితో మొదలుపెట్టండి.

ఇంకో అపోహ డబ్బు కాదు, ధైర్యం తినేస్తుంది. "అన్నీ చేత్తో వడికి, చేత్తో నేసి, చేత్తో కుట్టకపోతే అసలైనది కాదు" అనేది. ఈ భయంతోనే చేరకుండా ఆగిపోయిన ఆడపిల్లలు నాకు తెలుసు. లెక్క వేద్దాం. సెంటీమీటర్‌కు పది పోగులు పడుగు, పది పోగులు పేక ఉన్న మామూలు గుడ్డ చదరపు మీటరుకి రెండు వేల మీటర్ల దారం కావాలి. చెయ్యి తిరిగినవాళ్లు తకిలీ మీద గంటకు 40, 50 మీటర్లు వడుకుతారు. అంటే చదరపు మీటరుకి వడకడానికే 40 నుంచి 50 గంటలు. ఉన్ని దువ్వడం, మగ్గం మీద నెయ్యడం, అద్దకం ఇంకా లెక్కలోకి రాలేదు. అప్పటివాళ్లు బట్టకి మాసికలు ఎందుకు వేసుకున్నారో, చివరికి తారు గుడ్డగా కూడా ఎందుకు వాడుకున్నారో దీంతో అర్థమవుతుంది. మిమ్మల్ని ఎవరూ ఇంత చెయ్యమనరు. మిల్లు గుడ్డ చాలు, నేత ప్లెయిన్‌గానో ట్విల్‌గానో (ఏటవాలు గీతలు కనిపించే నేత) ఉంటే సరి. చాలా గ్రూపుల్లో లోపలి కుట్లు మిషన్ మీద వేసుకోనిస్తారు. మెడ, చేతుల అంచులు, కింద మడత మాత్రం చేత్తో వేయండి. కనిపించేవి అవే.

దీనికి ఎదురుగా, "పాతకాలం బట్ట కాబట్టి గోనెసంచిలా ఉండాలి" అని మరో పట్టు. మన కురుమల గొంగడితో ట్యూనిక్ కుట్టమని ఒకాయన అడిగాడు. గొంగడి అంటే నాకు అపారమైన గౌరవం. రాత్రి డేరాలో పరుచుకుంటే దానికి మించింది లేదు. కానీ ట్యూనిక్‌కి కాదు. స్వీడన్‌లోని బిర్కా సమాధుల్లో దొరికిన వజ్రపు గళ్ల ట్విల్‌లో సెంటీమీటర్‌కు 30 దాటిన పడుగు పోగులున్న గుడ్డలు ఉన్నాయి. ఇంత సన్నటి ఉన్ని ఈరోజు దుకాణంలో దొరకడమే కష్టం. పైగా ఆ గుడ్డకి రంగులూ ఉన్నాయి. యార్క్ తవ్వకాల్లో మంజిష్ఠ జాతి మొక్క, నీలి రంగిచ్చే వోడ్ మొక్క అవశేషాలు దొరికాయి. పటిక బదులు రంగు పట్టించడానికి వాడిన క్లబ్‌మాస్ అనే నాచులాంటి మొక్క కూడా దొరికింది. అది స్కాండినేవియా నుంచి తెప్పించుకున్నదే. వోడ్‌లో రంగుపదార్థం, మన నీలిమందులో ఉన్నదీ ఒకటే. కాబట్టి నీలిమందు అద్దిన ఉన్నికి నేను అడ్డు చెప్పను. బురద రంగు ఒక్కటే అసలైనదని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మనవాళ్లు మాత్రమే అడిగేది ఒకటుంది: పాత పట్టుచీర అంచు ట్యూనిక్‌కి కుట్టుకోవచ్చా? జరీ అంచు వద్దు. మామిడిపిందెలు, నెమళ్లు అసలు వద్దు. కానీ చీర ఒంట్లో సాదా పట్టు ఉంటే, గడ్డలు లేని నున్నటి నేత అయితే, సన్నటి పట్టీలుగా కత్తిరించి మెడకీ చేతులకీ వేసుకోండి, చక్కగా ఉంటుంది. నార్వేలో 834లో సమాధిగా పూడ్చిన ఓసెబెర్గ్ ఓడను 1904లో తవ్వినప్పుడు అందులో దొరికిన పట్టు చాలావరకు అలాంటి సన్న పట్టీలే. యార్క్‌లో దొరికిన పట్టు టోపీ కూడా సాదా నేతే. రా సిల్క్ పేరుతో అమ్మే గడ్డల పట్టు మాత్రం దొరికిన వాటికి దగ్గరగా లేదు.

ఇక మిగతావి. కొమ్ముల హెల్మెట్: లేదు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ ఒపెరాకి కార్ల్ ఎమిల్ డోప్లర్ గీసిన దుస్తులతో అది ప్రపంచానికి పాకింది. డెన్మార్క్‌లో నిజంగా దొరికిన వెక్సో కొమ్ముల హెల్మెట్లు కంచు యుగానివి, వైకింగుల కన్నా సుమారు పదిహేడు వందల ఏళ్లు పాతవి. కావాలంటే నార్వేలో 1943లో దొరికిన యెర్ముండ్‌బు హెల్మెట్ నమూనా కొనుక్కోండి. అల్లిన సాక్సులు, స్వెట్టర్లు: వద్దు. రెండు సూదుల అల్లిక అప్పటికి అక్కడికి రాలేదు. కాపర్‌గేట్ సాక్సు ఒకే సూదితో చేసే నాల్‌బైండింగ్ పని. భుజాల మీద తోడేలు చర్మం: వద్దు. అలా కనిపించాలంటే ఐస్‌లాండ్‌లో హేనెస్ దగ్గర దొరికినట్టు ఉన్ని కుచ్చులు వదిలి నేసిన దుప్పటి ఉంది, వానలో కూడా పనికొస్తుంది. చైన్‌మెయిల్ (ఇనుప రింగులు అల్లిన కవచం): మన దేశంలోనే తయారై ఇక్కడ అమ్ముడయ్యేది చాలా ఉంది, మంచిదీ ఉంది. రింగుల చివర్లు ఊరికే ఆనించి వదిలేశారా, రివెట్ కొట్టారా అన్నది దగ్గరగా చూసి కొనండి. రివెట్ లేనిది తీసుకోవద్దు. అయినా మొదటి ఏడాది మీకు అది అక్కర్లేదు, అప్పట్లోనే మెయిల్ డబ్బున్నవాడి సొత్తు.

బూట్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు, తోలు మీద ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. లోపలి వైపు బయటికి పెట్టి కుట్టి, తడిపి, తిరగేసే టర్న్‌షూ తీసుకోండి. మడమ ఉండదు, అడుగు ఒకటే పొర. కొత్తలో తడిగడ్డి మీద ఘోరంగా జారుతుంది, కాబట్టి మొదటి రోజే షీల్డ్ పట్టుకుని పరిగెత్తకండి. లోపల ఒత్తిన ఉన్ని అట్ట ఒకటి వేసుకోండి, రాళ్లు గుచ్చుకోవు. తడిస్తే నిప్పు పక్కన మాత్రం పెట్టకండి, తోలు బిగుసుకుపోయి పగులుతుంది. గడ్డి కుక్కి నీడలో ఆరబెట్టి, ఆరాక తేనెమైనం కలిపిన కొవ్వు రాయండి.