హిగురాషి: మసక వెలుతురులో కూసే పురుగు గురించి అపోహలు, వాస్తవాలు

టోక్యోకి పడమర కొండల్లో పురుగుల కూతలు రికార్డు చేయడం నా పని. వేసవిలో మనవాళ్లెవరైనా ఇటు వస్తే ఒక సాయంత్రం తకావో కొండకి తీసుకెళ్తాను. షింజుకు నుంచి రైల్లో గంట ప్రయాణం. ఎత్తు 599 మీటర్లే కాబట్టి పిల్లలూ ఎక్కేస్తారు. పొద్దు వాలుతుంటే చెట్ల లోపలి నుంచి "కనకనకనకన..." అని మొదలవుతుంది. ఆ వెంటనే నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ప్రతిసారీ ఇవే.

అపోహ: "అన్నా, ఇదేం పిట్ట?"
వాస్తవం: పిట్ట కాదు, హిగురాషి అనే రకం సికాడా. "అంటే మన కీచురాయేగా" అంటారు వెంటనే. చిక్కంతా ఆ మాటతోనే. రాత్రిపూట గోడ పగుల్లో కూసేదాన్నీ, ఎండాకాలం పట్టపగలు చెట్టెక్కి చెవులు చిల్లులు పొడిచేదాన్నీ మనం కీచురాయనే అంటాం. మొదటిది రెక్కలు ఒకదానికొకటి రాసి శబ్దం చేస్తుంది. రెండోది సికాడా. దాని పొట్ట మొదట్లో రెండు పక్కలా గీతలు గీతలుగా పలచటి పొరలుంటాయి. లోపలి కండరం లాగితే పొర సొట్టపడుతుంది, వదిలితే మళ్లీ పైకి తేలుతుంది. రేకు డబ్బా మూత నొక్కితే టక్‌మంటుందే, అలాగన్నమాట. ఆ టక్కులు ఎడం లేకుండా పడితే మనకి కూతగా వినిపిస్తుంది. కూసేది మగదొక్కటే. హిగురాషి మగదాని పొట్ట దాదాపు డొల్ల. చచ్చి పడినదాన్ని అరచేతిలో పెట్టుకుంటే ఎండుమిరపకాయంత బరువు కూడా అనిపించదు. వెనక టార్చి వేస్తే వెలుగు ఇవతలికి కనిపిస్తుంది.

అపోహ: సాయంత్రమే కూస్తుంది.
వాస్తవం: తెల్లవారకముందు కూడా కూస్తుంది. జూలైలో ఇక్కడ నాలుగున్నర దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి నేను నాలుగింటికే మైకు బిగించుకుని కూర్చోవాలి. ముందు ఒకటి అందుకుంటుంది. అవతలి వాలు నుంచి ఇంకోటి జవాబిస్తుంది. కాసేపట్లో లోయంతా అదే మోత. వెలుతురు బాగా రాగానే ఒక్కొక్కటీ ఊరుకుంటాయి. దాన్ని నడిపేది గడియారం కాదు, వెలుతురు. మిట్టమధ్యాహ్నమైనా సరే, వాన మబ్బు కమ్మి అడవి చీకటిపడితే మొదలుపెట్టేస్తుంది. హిగురాషి అన్న మాటకి పొద్దు గుంకించేది అని అర్థం చెబుతారు. నన్నడిగితే అది తిరగేసిన లెక్క. పొద్దు గుంకితే ఇది కూస్తుంది.

అపోహ: ఇది శరదృతువు పురుగు.
వాస్తవం: హైకూలు రాసేవాళ్లకి అంతే. వాళ్లు ఒక్కో రుతువుని సూచించడానికి కొన్ని పదాలు వాడతారు. మామూలు సికాడా వేసవి పదం, హిగురాషి మాత్రం శరత్తు పదం. కానీ పాత క్యాలెండర్‌లో శరత్తు ఆగస్టు 7, 8 తేదీలకే మొదలవుతుంది. అప్పటికి చొక్కా ఒంటికి అతుక్కునేంత ఉక్క. ఉగాదికి వసంతం వచ్చిందంటూ మనం చెమటలు కక్కుతూ పచ్చడి తినడం లేదూ, ఇదీ అంతే. అడవిలో ఇది జూన్ ఆఖరుకే వినిపిస్తుంది, జూలై, ఆగస్టుల్లో జోరు, సెప్టెంబరులో సద్దుమణుగుతుంది.

అపోహ: జపాన్‌లో ఎక్కడైనా వినొచ్చు.
వాస్తవం: ఇది అనిమే, అంటే జపాన్ కార్టూన్ల చలవ. సాయంత్రం సీను అనగానే ఈ కూత వేసేస్తారు. నిజానికి దీనికి నీడా, తేమా ఉండాలి. సుగి, హినోకి చెట్లు దట్టంగా పెరిగి, పగలే మసగ్గా ఉండే చోట్లు దీనికి ఇష్టం. టోక్యో పార్కుల్లో మోగేవి ఎక్కువగా మిన్‌మిన్‌జెమి, అబురాజెమి అనే వేరే రకాల సికాడాలు. ఒసాకాలో పొద్దున్నే నిద్ర చెడగొట్టేది కుమాజెమి అనే ఇంకో రకం.

అపోహ: నేలలోంచి బయటికొచ్చాక వారం రోజులే బతుకు.
వాస్తవం: ఇది జపాన్‌లోనూ అందరూ నమ్మిన మాటే. ఒకయామా ప్రాంతంలో ఒక హైస్కూల్ కుర్రాడు సికాడాల రెక్కల మీద నంబర్లు రాసి వదిలి, మళ్లీ పట్టుకుని చూశాడు. 2019లో ఆ ఫలితం పేపర్లకెక్కింది: అత్యధికంగా అబురాజెమి 32 రోజులు, త్సుకుత్సుకుబోషి 26, కుమాజెమి 15. హిగురాషి అందులో లేదు గానీ వారం లెక్క మాత్రం పోయింది. ఇంటికి తెచ్చి డబ్బాలో పెడితే తొందరగానే చస్తుంది, నిజమే. దానికి కావలసింది బతికున్న చెట్టు రసం, డబ్బాలో అదెక్కడిది?

అపోహ: నేలలో 17 ఏళ్లు ఉంటుంది.
వాస్తవం: ఆ రకాలు అమెరికావి.

అపోహ: పొట్టకి తెల్లగా దూదిలా అంటుకున్నది బూజు.
వాస్తవం: ఆగస్టులో కొన్ని హిగురాషిలకి ఇది కనిపిస్తుంది. అదొక మాత్ (సీతాకోకచిలుకలాంటి రాత్రి పురుగు) గొంగళి. సికాడా పొట్టకి బయటి నుంచే కరుచుకుని, దాన్ని పీల్చి పెరుగుతూ, ఒళ్లంతా తెల్లటి మైనపు నూగు తొడుక్కుంటుంది. దాన్ని మోస్తూనే సికాడా చెట్టూ చెట్టూ తిరుగుతుంది. గొంగళి ఎదిగాక దారం వదిలి కిందికి జారి, గూడు కట్టుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేనూ బూజే అనుకుని, పుల్లతో తుడవబోయాను. బూజు మెల్లగా కదిలింది.