ఏఈఎస్-256 వాడాం కదన్నా! ఎన్‌క్రిప్షన్ చుట్టూ తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

పేమెంట్ల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రివ్యూ చేయడం నా రోజువారీ పని. కొత్తగా చేరినవాళ్ళ కోడ్‌లో ఎన్‌క్రిప్షన్ (డేటాను కీ లేనివాళ్ళు చదవలేకుండా మార్చడం) కనిపిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దాన్ని విప్పే ఆ రహస్య కీ ఎక్కడుంది? చాలాసార్లు "ఏఈఎస్-256 వాడాం కదన్నా" అని జవాబొస్తుంది. ఏఈఎస్ అనేది ఎన్‌క్రిప్ట్ చేసే ఒక పద్ధతి, అంటే అల్గారిథమ్, 256 అనేది కీ పొడవు బిట్లలో. అల్గారిథమ్ పేరు చెబితే నా ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. క్రిప్టోగ్రఫీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ దగ్గర నేను ఎక్కువగా వినే అపోహలు కొన్ని రాస్తున్నాను, ఒక వరుస అంటూ ఏమీ లేదు.

అపోహ: చూస్తే అర్థం కాకపోతే అది ఎన్‌క్రిప్ట్ అయినట్టే

చిన్నప్పుడు 'క' భాష మాట్లాడుకున్నవాళ్ళకు దీని సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి అక్షరం ముందు క తగిలించి "కనుకవ్వు కరా" అంటే ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియదనుకుంటాం, వాళ్ళూ చిన్నప్పుడు అదే మాట్లాడారు కాబట్టి అన్నీ తెలిసిపోతుంటాయి. ఆ భాషలో కీ అంటూ ఏదీ లేదు, ఉన్నదల్లా పద్ధతే, అది తెలిసినవాళ్ళు ఎవరైనా విప్పేస్తారు. బేస్64 సరిగ్గా ఇదే. బైట్లను అక్షరాల్లో పంపడానికి వీలుగా మార్చే పద్ధతి అది, రహస్యం దాచడం దాని పనే కాదు. లాగిన్ అయ్యాక మనల్ని గుర్తుపట్టడానికి సర్వర్ ఇచ్చే జేడబ్ల్యూటీ టోకెన్ మధ్య ముక్క మామూలుగా బేస్64లోనే ఉంటుంది. టోకెన్‌ని ఎవరూ మార్చకుండా చివర్లో సంతకం కాపలా కాస్తుంది గానీ చదవడానికి అడ్డేమీ ఉండదు, అయినా అందులో ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు పెట్టేవాళ్ళున్నారు. సర్వర్లలో ప్రోగ్రాములు నడిపించే కుబెర్నెటీస్‌లో పాస్‌వర్డ్‌ల లాంటివి పెట్టే 'సీక్రెట్' ఫైల్ తెరిచి చూసినా కనిపించేది బేస్64 మాత్రమే. పేరు చూసి దాన్ని టీమంతా కోడ్ పెట్టుకునే గిట్‌లోకి తోసేయకండి.

అపోహ: ఏఈఎస్-256 పెడితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు

ఏఈఎస్‌ గట్టిదే, అందులో అనుమానం లేదు. 128 బిట్ల కీ అంటేనే సాధ్యమయ్యే కీల సంఖ్య 39 అంకెలుంటుంది, ఒక్కొక్కటి ప్రయత్నించడం జరిగే పని కాదు. కానీ ఆ లెక్క పనిచేసేది కీని పూర్తిగా యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే. మన ఈ-ఆధార్ పీడీఎఫ్ చూడండి. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. పేరు తెలిసిన మనిషైతే ఊహించాల్సింది మహా అయితే వంద సంవత్సరాలు. పేరు అసలే తెలియకపోయినా నాలుగు అక్షరాలకు 4,56,976 రకాలు, దాన్ని వందతో గుణిస్తే దాదాపు నాలుగున్నర కోట్లు. వినడానికి పెద్దగా ఉంది గానీ కంప్యూటర్‌కి అదో లెక్క కాదు. లోపల ఎంత గట్టి అల్గారిథమ్ ఉన్నా ఫైల్ బలం ఆ వందతోనో, నాలుగున్నర కోట్లతోనో ఆగిపోతుంది. పైగా ఆ ఫైల్‌ని జిరాక్స్ షాపు వాట్సాప్‌కి పంపి, కిందే పాస్‌వర్డ్ కూడా టైప్ చేస్తాం, అది వేరే కథ.

కోడ్ రాసేవాళ్ళకు ఇంకో సంగతి. ఏఈఎస్ ఒకసారికి 16 బైట్ల ముక్కను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పెద్ద డేటాను ముక్కలుగా చేసి వాటిని ఎలా కలపాలో చెప్పేది 'మోడ్', గొడవంతా అక్కడే మొదలవుతుంది. జావాలో సైఫర్ తయారుచేసేటప్పుడు వట్టి 'ఏఈఎస్' అని ఇస్తే మామూలుగా దొరికేది ఈసీబీ మోడ్, అంటే ఒకే 16 బైట్ల ముక్క ఎన్నిసార్లు వచ్చినా అన్నిసార్లూ ఒకే సైఫర్‌టెక్స్ట్ (ఎన్‌క్రిప్ట్ అయిన డేటా) బయటికొస్తుంది. ఒక బొమ్మను ఈసీబీలో ఎన్‌క్రిప్ట్ చేసి చూడండి, రంగులు మారతాయి గానీ ఆకారం అలాగే కనిపిస్తుంది. ఇది చదివి జీసీఎమ్ మోడ్‌కి మారినవాళ్ళు మళ్ళీ నాన్స్ (ప్రతి మెసేజ్‌కీ కొత్తగా ఇచ్చే సంఖ్య) దగ్గర తప్పు చేస్తారు: 12 బైట్ల ఆ నాన్స్ రహస్యంగా ఉండక్కర్లేదు, కానీ ఒకే కీతో రెండోసారి రాకూడదు. వస్తే రెండు మెసేజ్‌ల మధ్య ఎక్స్‌ఓఆర్ (ఏ బిట్లు తేడాగా ఉన్నాయో చూపే లెక్క) బయటపడటమే కాదు, డేటా మారలేదని హామీ ఇచ్చే భాగం కూడా కూలిపోతుంది. నాన్స్ స్థానంలో అన్నీ సున్నాలే హార్డ్‌కోడ్ చేసిన కోడ్ నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది, టెస్టులన్నీ పాస్ అవుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అపోహ: అల్గారిథమ్ రహస్యంగా ఉంచితే ఇంకా సేఫ్

1883లోనే ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ దీనికి జవాబు రాసిపెట్టాడు: పద్ధతి శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది ఉండకూడదు, రహస్యమంతా కీలోనే ఉండాలి. అయినా కంపెనీలు వినలేదు. ప్రపంచమంతా ట్రాన్స్‌పోర్ట్ కార్డుల్లో వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్‌లో క్రిప్టో-1 అనే అల్గారిథమ్‌ని ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు. చివరికి పరిశోధకులు రివర్స్ ఇంజినీరింగ్ చేసి దాన్ని బయటికి లాగారు, 2008కల్లా అది ఎంత బలహీనమో అందరికీ తెలిసిపోయింది. కీ చూస్తే 48 బిట్లే. ఏఈఎస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1997లో బహిరంగ పోటీ పెడితే ప్రపంచంలోని క్రిప్టోగ్రాఫర్లంతా ఒకరి డిజైన్‌ని ఒకరు విరగ్గొట్టడానికి ప్రయత్నించారు, చివరికి బెల్జియంవాళ్ళు జోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ చేసిన రైన్‌డాల్ గెలిచి 2001లో ప్రమాణమైంది. అంతమంది చేతుల్లో నలిగి నిలబడింది కాబట్టే దాని మీద నమ్మకం. సొంతంగా అల్గారిథమ్ రాయాలని ఉంటే నేర్చుకోవడానికి తప్పక రాయండి, జనం డబ్బు మీద మాత్రం ప్రయోగించకండి.

అపోహ: పాస్‌వర్డ్‌లను ఎన్‌క్రిప్ట్ చేసి డేటాబేస్‌లో పెట్టాలి

ఎన్‌క్రిప్ట్ చేసిందంటే ఎక్కడో కీ ఉందన్నమాట, ఆ కీ దొరికితే పాస్‌వర్డ్‌లన్నీ ఒక్కసారే దొరికినట్టు. 2013లో అడోబీ నుంచి 15 కోట్లకు పైగా రికార్డులు బయటికొచ్చినప్పుడు అసలు కీ కూడా అవసరం పడలేదు. పాస్‌వర్డ్‌లను ట్రిపుల్ డీఈఎస్ అనే పాత అల్గారిథమ్‌తో ఈసీబీ మోడ్‌లో ఎన్‌క్రిప్ట్ చేశారు, కాబట్టి ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళందరికీ ఒకే సైఫర్‌టెక్స్ట్. పక్కనే పాస్‌వర్డ్ హింట్‌లు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. ఒకే సైఫర్‌టెక్స్ట్ ఉన్న వందలమంది హింట్‌లు పక్కపక్కన పెట్టుకుంటే పాస్‌వర్డ్ ఏమిటో అదే తేలిపోతుంది, జనం దాన్ని గళ్ళనుడికట్టులా పూరించారు.

పాస్‌వర్డ్‌కి కావాల్సింది హాష్, అంటే వెనక్కి రావడానికి దారి లేనిది. అలాగని ఎండీ5, షా-256 లాంటి మామూలు హాష్‌లు పెడితే సరిపోదు. ఎండీ5ని 2004లోనే విరగ్గొట్టారు, షా-256కి అలాంటి జబ్బేమీ లేదు, కానీ అది చాలా వేగంగా పనిచేస్తుంది, ఆ వేగమే ఇక్కడ దొంగకు ఉపయోగం. గ్రాఫిక్స్ కార్డుతో సెకనుకు కోట్లకొద్దీ ఊహలు పరీక్షించుకుంటాడు. అందుకే బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటివి కావాలనే నెమ్మదిగా పనిచేసేలా తయారుచేశారు, ప్రతి యూజర్‌కీ వేరే సాల్ట్ (యాదృచ్ఛికమైన చిన్న ముక్క) కలుపుతారు కాబట్టి ఒకే పాస్‌వర్డ్‌కి కూడా హాష్‌లు వేరువేరుగా ఉంటాయి. మీరు వాడే ఏదైనా సైట్‌లో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కితే పాత పాస్‌వర్డే మెయిల్‌కి వచ్చిందా? అయితే వాళ్ళు హాష్ చేయలేదు. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతుంటే అక్కడ ఈరోజే మార్చేయండి.

అపోహ: ర్యాండమ్ ఫంక్షన్ పిలిస్తే కీ తయారైపోతుంది

ఆటలో పాచికలు వేయడానికి రాసిన ర్యాండమ్ ఫంక్షన్ వేరు, కీ తయారుచేసేది వేరు. పైథాన్‌లో అయితే 'ర్యాండమ్' వదిలేసి 'సీక్రెట్స్' మాడ్యూల్ వాడండి. ఇది చిన్న విషయం అనుకుంటే డెబియన్ అనే లినక్స్ సంగతి వినండి. 2006లో అందులో కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో ఒక చిన్న మార్పు చేశారు, టూల్ ఒకటి వార్నింగ్ ఇస్తోందని. ఆ దెబ్బకు కీల తయారీలో మిగిలిన యాదృచ్ఛికత ప్రాసెస్ నంబర్ ఒక్కటే, అంటే ఒక రకం మెషీన్‌లో ఒక సైజు కీకి 32,767 అవకాశాలు మాత్రమే. 2008లో బయటపడేదాకా, దాదాపు రెండేళ్ళు, అలా తయారైన కీలతో సర్వర్లు నడిచాయి. అల్గారిథమ్‌లో ఏ లోపమూ లేదు!

అపోహ: డిజిటల్ సంతకం అంటే ప్రైవేట్ కీతో ఎన్‌క్రిప్ట్ చేయడం

కాలేజీ నోట్సుల్లో ఇలాగే రాసుంటుంది. ఆర్‌ఎస్‌ఏ లాంటి పద్ధతుల్లో కీలు జంటగా ఉంటాయి: ప్రైవేట్ కీ మన దగ్గరే దాచుకుంటాం, పబ్లిక్ కీ అందరికీ ఇస్తాం. ఆర్‌ఎస్‌ఏలో లెక్క అలా కనిపిస్తుంది కాబట్టి మొదలైన మాట ఇది, ఈసీడీఎస్‌ఏ అనే ఇంకో సంతకం పద్ధతి దగ్గరికొస్తే అక్కడ ఎన్‌క్రిప్షనే ఉండదు. సంతకం ప్రైవేట్ కీతో చేస్తారు, పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూస్తారు, అంతవరకు గుర్తుంటే చాలు.

టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, కంపెనీ డైరెక్టర్లు వాడే డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) యూఎస్‌బీ టోకెన్ సంగతి ఇదే. ప్రైవేట్ కీ ఆ టోకెన్ లోపలే ఉంటుంది, అందులోంచి కాపీ చేసుకోవడానికి వీల్లేకుండా ఉంచుతారు. ఇంత ఏర్పాటు చేశాక మనవాళ్ళు చేసేదేమిటంటే, పిన్ నంబర్ చీటీ మీద రాసి టోకెన్‌కే అంటించి ఆడిటర్ గారి టేబుల్ సొరుగులో వదిలేస్తారు. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం డిజిటల్ సంతకం చెల్లుతుంది, కాబట్టి ఆ టోకెన్‌తో ఎవరు సంతకం చేసినా మీరు చేసినట్టే లెక్క, నేను చేయలేదని నిరూపించుకోవాల్సిన టెన్షన్ కూడా మీదే.

అపోహ: తాళం గుర్తు ఉంది, మంచి సైటే

బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన తాళం కనిపిస్తే సైట్ హెచ్‌టీటీపీఎస్ వాడుతోందని అర్థం. మీ ఫోన్‌కీ ఆ సర్వర్‌కీ మధ్య దారిలో ఎవరూ చదవలేరు, హెచ్‌టీటీపీఎస్ ఇచ్చే హామీ అదే. అవతల ఉన్నది దొంగ అయితే దొంగతోనే రహస్యంగా మాట్లాడతారు. దానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి మోసం సైట్లకూ ఆ గుర్తు ఉంటుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తు తీసేసింది. వాట్సాప్ కూడా ఇంతే, మెసేజ్ దారిలో భద్రంగానే ఉంటుంది, కానీ చివరలు రెండూ ఫోన్లే. ఎవరో ఫోన్ చేసి స్క్రీన్ షేర్ చేయమంటే చేశారనుకోండి, మధ్యలో ఎంత ఎన్‌క్రిప్షన్ ఉన్నా లాభం లేదు.

అపోహ: క్వాంటమ్ కంప్యూటర్లొస్తే అంతా పోతుంది, ఇప్పుడు నేర్చుకోవడం దండగ

1994లో పీటర్ షోర్ చూపించిన పద్ధతితో పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే ఆర్‌ఎస్‌ఏ, ఎలిప్టిక్ కర్వ్ (ఈసీడీఎస్‌ఏ లాంటివి) రెండూ పోతాయి, నిజమే. ఏఈఎస్-256కి అలాంటి ముప్పు లేదు. పోయేవాటి స్థానంలోకి కొత్తవి కూడా వచ్చేశాయి, నిస్ట్ 2024 ఆగస్టులో కీ పంచుకోవడానికి వాడే ఎమ్‌ఎల్-కెమ్‌తో పాటు మొదటి ప్రమాణాలు ప్రకటించింది.

అపోహ: మ్యాథ్స్ గట్టిగా రాకపోతే దీని జోలికి వెళ్ళకూడదు

కొత్త అల్గారిథమ్‌లు కనిపెట్టాలంటే లెక్కలు రావాలి. అర్థం చేసుకోవడానికి శేషం కనుక్కోవడం వస్తే మొదలుపెట్టొచ్చు. కాగితం మీద ఆర్‌ఎస్‌ఏ చేసి చూడండి: 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుని గుణిస్తే 33. పబ్లిక్ కీ 3, ప్రైవేట్ కీ 7. మీ మెసేజ్ 4 అనుకోండి, దాని ఘనం 64, 33తో భాగిస్తే శేషం 31, పంపేది అదే. అందుకున్నవాళ్ళు 31కి ఏడో ఘాతం వేసి 33తో భాగిస్తే శేషం మళ్ళీ 4 వస్తుంది. నిజమైన ఆర్‌ఎస్‌ఏలో ఈ 33 స్థానంలో ఆరు వందలకు పైగా అంకెలున్న సంఖ్య ఉంటుంది, మెసేజ్‌కి ప్యాడింగ్ (అదనపు బైట్లు) కలుపుతారు, అది లేకుండా వాడితే ప్రమాదం. 2002లో ఐఐటీ కాన్పూర్‌కి చెందిన మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధానమో కాదో వేగంగా తేల్చే పద్ధతి కనిపెట్టినప్పుడు ఇక ఆర్‌ఎస్‌ఏ పని అయిపోయిందని అనుకున్నవాళ్ళున్నారు. ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడం ఒకటి, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం ఇంకొకటి. మొదటిది తేలికవడం ఆర్‌ఎస్‌ఏకి అవసరం కూడా, కీ తయారుచేయాలంటే ప్రధాన సంఖ్యలు వెతకాలి కదా.

పైథాన్‌లో లూప్ రాయడం వస్తే క్రిప్టోపాల్స్ అని ఉచితంగా దొరికే అభ్యాసాలున్నాయి, అవి మొదలుపెట్టండి. మొదటి సెట్‌లో ఎక్స్‌ఓఆర్ విప్పడం ఉంటుంది, రెండో సెట్‌లో ఈసీబీని ఒక్కో బైట్ చొప్పున మీ చేతులతో మీరే విప్పుతారు. అక్కడ ఇరుక్కుంటే సమాధానం వెతికేయకండి, ఒక రాత్రి గడవనివ్వండి.