కొత్త బ్యాటరీ వేసినా బండి ఎందుకు మొరాయించింది?

చిన్నా, బుజ్జీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మన ఓమ్నీ వ్యాను స్టార్ట్ కాక మీరిద్దరూ వీధి చివరిదాకా తోశారు, గుర్తుందా? "కొత్త బ్యాటరీయే కదా తాతయ్యా, మళ్లీ ఎందుకిలా?" అని బుజ్జి అడిగింది. అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు దొరికింది కాబట్టి రాస్తున్నాను.

వ్యానులో హెడ్‌లైటుకైనా హారన్‌కైనా బ్యాటరీ ప్లస్ నుంచి కరెంటు వైరులో వెళ్తుంది. తిరిగి రావడానికి చాలావరకు ఇనప బాడీయే దారి. అందుకే బ్యాటరీ మైనస్‌ని లావుపాటి వైరుతో బాడీకి బిగిస్తారు. మెకానిక్కులు దాన్నే ఎర్త్ అంటారు. ఇంజనేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, దాని నుంచి కరెంటు వెనక్కి రావాలంటే విడిగా ఒక ఎర్త్ పట్టీ కావాలి.

మన కాకినాడ ఉప్పుగాలి సంగతి మీకు తెలుసు. పట్టీ బోల్టు కింద తుప్పు పొరలు కట్టింది. పైకి చూస్తే బిగుతుగానే ఉంది!

చిన్నా, నువ్వు చదివిన ఓమ్ నియమం ఇక్కడ పనికొస్తుంది: అడ్డుని కరెంటుతో గుణిస్తే దారిలో పోయే వోల్టులు వస్తాయి. ఆ తుప్పు అడ్డు 0.02 ఓమ్ అనుకో. హెడ్‌లైటు కరెంటు బాడీ మీదుగానే బ్యాటరీకి వస్తుంది, ఈ పట్టీ మీదుగా రాదు. వచ్చినా ఒక బల్బు లాగేది సుమారు 5 ఆంపియర్లే, అంటే పోయేది 0.1 వోల్టే. కంటికి తెలియదు. సెల్ఫ్, అంటే ఇంజనును తిప్పే మోటారు, కొడితే 100 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. అక్కడే 2 వోల్టులు పోతాయి. 12 వోల్టుల బండిలో అది చాలా ఎక్కువ. లైట్లు బాగా వెలుగుతున్నా సెల్ఫ్ 'టక్' మని ఆగిపోయేది ఇందుకే. అది తెలియకే రెండేళ్లలో రెండు బ్యాటరీలు మార్పించాను. ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దొరికిందెలాగంటే, మొన్న నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టి, సీటు ఎత్తి చూస్తుంటే యాక్సిలరేటర్ కేబుల్‌కి చెయ్యి తగిలింది. సుర్రుమంది. ఇంజను స్టార్టే కాలేదు, కేబుల్ ఎందుకు కాలాలి? సరైన దారి లేక కరెంటు ఇంజనునీ బాడీనీ కలిపే ఆ సన్నటి కేబుల్ మీదుగా వెళ్తోందన్నమాట. అలా వదిలేస్తే కేబుల్ కాలి పట్టేస్తుంది కూడా.

మీటరు తెచ్చి బ్యాటరీ వోల్టేజి చూస్తే 12.6, బ్రహ్మాండంగా ఉంది. నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర వైరు ఇంజను ఇనుముకి ఆనించి మీ అమ్మమ్మని తాళం తిప్పమన్నాను. 2.1 చూపించింది. అక్కడ 0.2కి మించకూడదు. పట్టీ విప్పి, రెండువైపులా గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ బిగించి, పైన కాస్త వాసెలిన్ రాశాను. ఒక్క తాళానికే అందుకుంది.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి పని చేసేటప్పుడు బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పాలి, చివర్లో బిగించాలి. ప్లస్ ముందు విప్పబోతే, స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులు చెరుగుతుంది. చేతికి ఉంగరం, గడియారం ఉండకూడదు.

పాత పట్టీని మీకోసం డబ్బాలో దాచాను. వేసవికి వచ్చాక వెనక లైట్ల ఎర్త్ చూడాలి. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మినుకుమంటోంది. ఈసారి మీటరు మీరే పట్టుకుందురుగాని.

మీ తాతయ్య