థ్రాటిల్ లాక్: లాంగ్ రైడ్ వెళ్లేవాళ్ల అపోహలు, షెడ్డులో నేను చూసిన వాస్తవాలు

హైదరాబాద్ నుంచి బెంగళూరు దాకా బండి మీద వెళ్లొచ్చినవాళ్లు షెడ్డులో అడుగు పెట్టగానే, బండి సంగతి చెప్పకముందే కుడి చెయ్యి చాపి చూపిస్తారు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి మర్నాటి దాకా మామూలు కాలేదంటారు. దాదాపు 570 కిలోమీటర్లు ఎక్సలేటర్ తిప్పి పట్టుకోవడమంటే మాటలు కాదు. రిటర్న్ స్ప్రింగు గ్రిప్‌ని వెనక్కి లాగుతూనే ఉంటుంది, మణికట్టు వంగే ఉంటుంది, ఇంజిన్ వైబ్రేషనంతా అరచేతిలోకి దిగుతుంది. ఎడమ చేతినైతే కాసేపు తొడ మీద పెట్టుకుని విదిలించుకోవచ్చు. కుడి చేతికి ఆ వీలు లేదు. ఎక్సలేటర్ గ్రిప్‌ని తిప్పిన చోటే పట్టి ఉంచే చిన్న పరికరం థ్రాటిల్ లాక్. అది ఆ చేతి కోసమే.

ఎల్బీనగర్ వైపు టూరింగ్ బండ్లకు సామాన్లు బిగించడం నా పని. 12 ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. లాక్ అడిగేవాళ్లు ఏటికేడు పెరుగుతున్నారు, దాంతోపాటే తప్పు లెక్కలూ పెరుగుతున్నాయి. రోజూ నోటితో చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: థ్రాటిల్ లాక్ అంటే తక్కువ ధరకు దొరికే క్రూజ్ కంట్రోల్

కాదు. క్రూజ్ కంట్రోల్ బండి స్పీడును పట్టి ఉంచుతుంది. లాక్ పట్టి ఉంచేది గ్రిప్‌ని మాత్రమే. విజయవాడ హైవే మీద 80లో పెట్టి లాక్ వేసి చూడండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ముల్లు కిందికి జారుతుంది, దిగేటప్పుడు 80 దాటి పోతుంది. ఎదురుగాలి కొడితే తగ్గుతుంది, లారీ వెనక గాలి ఆగిన చోట పెరుగుతుంది. నాలుగు లైన్ల హైవే మీద టూవీలర్‌కి 2018 నుంచి కేంద్రం పెట్టిన పరిమితి 80 కాబట్టి, దిగుడులో మీరే గ్రిప్ వెనక్కి తిప్పాలి.

అసలు తేడా బ్రేకు దగ్గర వస్తుంది. క్రూజ్ ఉన్న బండిలో బ్రేకు తాకినా, క్లచ్ తాకినా సిస్టమ్ దానంతటదే ఆగిపోతుంది. లాక్‌కి బ్రేకుతో సంబంధమే లేదు. మీరు బ్రేకు వేస్తున్నా ఇంజిన్ లాగుతూనే ఉంటుంది. లాక్ వేసి ఉండగా క్లచ్ పట్టారనుకోండి, బరువు తీసేసిన ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు భయపడిపోయి ఏం చేయాలో తోచక బిగుసుకుపోతారు.

అపాచీ ఆర్‌టీఆర్ 310 లాంటి బండ్లలో క్రూజ్ కంపెనీ నుంచే వస్తోంది. చివరికి 125 సీసీ గ్లామర్ ఎక్స్‌లో కూడా ఇచ్చారు. మీ బండిలో ఉంటే లాక్ కోసం డబ్బు పెట్టకండి.

అపోహ: లాక్ వేశాక చెయ్యి తీసేసి హాయిగా కూర్చోవచ్చు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. 80లో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. తొడ మీదున్న చెయ్యి బ్రేకు లీవరు మీదికి రావడానికి ఒక్క సెకను పట్టిందనుకున్నా, అప్పటికే 22 మీటర్లు అయిపోయాయి. మన హైవేల సంగతి మీకు తెలుసు. కోతల కాలంలో ఒక లైను పొడుగునా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. దాబాల దగ్గర డివైడరు తెంచిన సందులోంచి బండ్లు దూరతాయి. రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ వస్తుంది. గేదెలు తీరిగ్గా దాటుతాయి.

నేను చేసే పద్ధతి ఇది. రోడ్డు ముందు బాగా దూరం ఖాళీగా కనిపిస్తేనే లాక్ వేస్తాను. చూపుడు వేలు, మధ్య వేలు బ్రేకు లీవరు మీదే ఉంటాయి. మిగతా వేళ్లు ఒక్కొక్కటే వదులుతాను. తర్వాత అరచేతిని గ్రిప్ మీంచి కాస్త పైకి లేపుతాను, మణికట్టు తిన్నగా చేస్తాను, భుజం కిందికి దించుతాను. 20, 30 సెకన్లకి అరచేతిలో మళ్లీ వేడి తెలుస్తుంది. లాక్ తీసేస్తాను. అయిదు నిమిషాలాగి మళ్లీ. రోజంతా ఇలా చేస్తే చెయ్యి సాయంత్రానికి మనదిగానే ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఆ పరికరం నుంచి ఆశించకండి.

వానలో, ఘాట్‌లో, ఊళ్ల మధ్య అసలు వేయకండి. తడి రోడ్డు మీద వెనక చక్రం జారిన క్షణంలో మీ చెయ్యి ఎక్సలేటర్‌ని దానంతటదే వదిలేయాలి, స్ప్రింగు దాన్ని మూసేయాలి. మధ్యలో ఇంకోటి అడ్డు ఉండకూడదు.

అపోహ: రబ్బరు బ్యాండో, ట్యూబు ముక్కో చుడితే అదే పని చేస్తుంది

పట్టుకోవడం వరకు చేస్తుంది, నిజమే. పైసా ఖర్చు లేదు కాబట్టి ఈ చిట్కా ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది. కానీ నేను లాక్ మంచిదా కాదా అని చూసేది అది ఎంత గట్టిగా పట్టుకుందని కాదు, ఎంత తొందరగా వదిలిందని.

రెండేళ్ల కిందట మే నెలలో సూర్యాపేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. "అన్నా, రేస్ తగ్గట్లేదు, కేబుల్ పోయినట్టుంది" అన్నాడు. కేబుల్ చూశాను, నూనె బాగానే ఉంది. రెండు చివర్లూ ఊడదీసి లాగితే నున్నగా కదిలింది. గ్రిప్ తిప్పి వదిలితే మాత్రం సగంలో ఆగిపోతోంది. హ్యాండిల్ చివరనున్న బరువు విప్పాను. సైకిల్ ట్యూబు ముక్క ఒకటి, రెండు మడతలు పడి, గ్రిప్‌కీ ఆ బరువుకీ మధ్య సందులోకి దూరిపోయి ఉంది. ఎండకి మెత్తబడి నల్లటి జిగురులా అతుక్కుంది. గోరుతో గీకితే తీగలా సాగింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, సన్న ఎమెరీ పేపరు పెట్టాక గ్రిప్ టక్కున వెనక్కి కొట్టింది. ఆ చప్పుడు వినగానే అతని ముఖం మారిపోయింది. సూర్యాపేట నుంచి అంత దూరం ఆ బండి మీదే వచ్చాడు.

సరైన లాక్‌లో పట్టు ఎంత ఉండాలో మనం పెట్టుకోవచ్చు, ఒక్క వేలితో తీసేయొచ్చు, తీయకపోయినా చేత్తో బలంగా తిప్పితే గ్రిప్ మూసుకుంటుంది. హ్యాండిల్ చివర బిగించే కావోకో బ్రాండు రకంలో నట్టు తిప్పితే ఒరిపిడి పెరుగుతుంది. గ్రిప్‌కీ స్విచ్చుల డబ్బాకీ మధ్య కూర్చునే అట్లాస్ బ్రాండు రకంలో వేయడానికి ఒక బటన్, తీయడానికి ఒక బటన్. రెండూ బొటనవేలికి అందుతాయి. బ్రేకు లీవరు మీద ఆనే ప్లాస్టిక్ చెయ్యి రకం చవక, కానీ అది లీవరుని ఏ కాస్త నొక్కుతున్నా బ్రేకు లైటు వెలుగుతూ ఉండిపోతుంది. బిగించాక వెనక్కెళ్లి చూడాల్సిందే. అసలు లాక్ వద్దనుకుంటే అరచేతి కింద ఆనే రెక్క దొరుకుతుంది. దానికి పట్టు ఉండదు, చెయ్యి తీయగానే ఎక్సలేటర్ మూసుకుంటుంది. మొదటిసారి అడిగేవాళ్లకి నేను ఇచ్చేది అదే.

అపోహ: ఇదంతా కొత్త ఫ్యాషన్

పాత బ్రిటిష్ బండ్లకు ఎక్సలేటర్ కింద చిన్న స్క్రూ ఉండేది. బిగిస్తే గ్రిప్ ఉన్న చోటే ఆగేది. హార్లేలకీ అలాంటిదే ఉండేది. చెయ్యి వదిలితే ఎక్సలేటర్ దానంతటదే మూసుకోవాలని అమెరికా 1974లో నియమం పెట్టింది. ఎందుకు పెట్టారో ఆ కుర్రాడి బండి చూశాక వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: రైడ్ బై వైర్ బండికి లాక్ పనికిరాదు

రైడ్ బై వైర్ అంటే గ్రిప్ తిప్పింది కేబుల్ బదులు ఎలక్ట్రానిక్‌గా ఇంజిన్‌కి అందడం. కేబుల్ లేకపోయినా గ్రిప్ ఉంది, దానికి స్ప్రింగు ఉంది. హిమాలయన్ 450కి బిగించాను, పనిచేస్తుంది. లాక్ కూర్చోవడానికి గ్రిప్ పక్కన సందు ఎంతుందో కొలిచి కొనండి, అంతే.

అపోహ: స్కూటర్‌కి కూడా పెట్టుకోవచ్చు

పెట్టమని వచ్చినవాళ్లని వెనక్కి పంపేశాను. స్కూటర్‌లో చేత్తో పట్టే క్లచ్ లేదు. లాక్ ఇరుక్కుంటే ఇంజిన్‌ని చక్రం నుంచి విడదీసే దారి మీ చేతిలో ఉండదు.

అపోహ: తిమ్మిరికి లాక్ ఒక్కటే మందు

ముందు డబ్బు ఖర్చు కానివి చేయండి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి బయటి అంచు మీద బరువు ఎక్కువ పడుతోందని అర్థం, అక్కడినుంచే ఆ వేళ్ల నరం పోతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు వంపు చూడాలి. సీటు మీద కూర్చుని చెయ్యి తిన్నగా చాపితే బ్రేకు లీవరు వేళ్లకి సూటిగా తగలాలి. చాలా బండ్లలో పైకి లేచి ఉంటుంది. ఒక్క బోల్టు వదులు చేసి కిందికి తిప్పితే పది నిమిషాల పని. గ్లవ్స్‌లో అరచేతి కుట్టు దళసరిగా ఉన్నా నొక్కేస్తుంది. హ్యాండిల్‌ని మరీ గట్టిగా పట్టుకునేవాళ్లకి ఏ పరికరమూ పనిచేయదు.

ఇంకో సంగతి. హ్యాండిల్ చివరి బరువులు వైబ్రేషన్ తగ్గించడానికే పెడతారు. వాటిని తీసేసి తేలికపాటి లాక్ పెడితే తిమ్మిరి ఇంకా పెరుగుతుంది.

అపోహ: బిగించడం చిన్న పనే, వీడియో చూసి చేసుకోవచ్చు

చేసుకోండి, కాకపోతే ఇవి చూడకుండా రోడ్డెక్కకండి. లాక్ తీసి ఉండగా గ్రిప్ పూర్తిగా తిప్పి వదిలితే టక్కున మూసుకోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే రేస్ పెరగకూడదు. బ్రేకు లీవరు పూర్తిగా లోపలికి రావాలి, మధ్యలో దేనికీ తగలకూడదు.

నా దగ్గర బిగించుకున్న ప్రతివాళ్లనీ షెడ్డు వెనక ఖాళీ రోడ్డు మీదికి పంపుతాను. 40లో లాక్ వేసి బొటనవేలితో తీయాలి. మళ్లీ వేసి, తీయకుండా చేత్తో గ్రిప్ మూయాలి. మూడోసారి లాక్ ఇరుక్కుందనుకుని క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ నొక్కి, బ్రేకుతో ఆపాలి. ఆ మూడూ చేసి వచ్చాకే బిల్లు రాస్తాను.