కొత్త కాలువకు నిధులు, పాత కాలువకు పూడిక: ప్రణాళికా పద్దు నాటి కథ

రాష్ట్రాలకు కేంద్రం 50 ఏళ్ల గడువుతో ఇచ్చే వడ్డీలేని రుణాన్ని పెట్టుబడి పనులకే వాడాలి. కొత్త రోడ్డు వేసుకోవచ్చు, వంతెన కట్టుకోవచ్చు. ఉన్న కాలువలో పూడిక తీయడానికీ, షట్టర్లకు గ్రీజు పెట్టడానికీ, కాలువను కాచే లస్కర్ జీతానికీ ఆ డబ్బు పనికిరాదు. ఈ గీత ఇప్పుడు గీసింది కాదు.

1950 మార్చి 15న కేంద్ర మంత్రివర్గ తీర్మానంతో ప్రణాళికా సంఘం ఏర్పడింది. రాజ్యాంగంలో దాని పేరు లేదు. అక్కడ ఉన్నది 280వ అధికరణ కింద వచ్చే, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా సూచించే ఆర్థిక సంఘం. దాంతో ఖర్చు రెండు పద్దులైంది. ప్రణాళికలో చేరిన కొత్త పథకాలు ప్రణాళికా వ్యయం. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పాత నిర్మాణాల నిర్వహణ ప్రణాళికేతర వ్యయం. మొదటి పద్దు ప్రణాళికా సంఘం చేతిలో ఉండేది. రెండో దాంట్లో రాష్ట్రాల లోటును ఆర్థిక సంఘం లెక్కగట్టేది. రెండింటినీ కలిపి చూసేవాళ్లు లేకపోయారు.

మొదటి పంచవర్ష ప్రణాళికకు ముందుగా అనుకున్నది రూ.2,069 కోట్లు, రెండోదానికి ప్రభుత్వ రంగంలో రూ.4,800 కోట్లు. రెండు యుద్ధాలు, కరవు దెబ్బకు 1966 నుంచి 1969 వరకు వార్షిక ప్రణాళికలతోనే బండి నడిచింది. ఆ తర్వాత రాష్ట్రాలకు ప్రణాళికా సాయం పంచడానికి వచ్చిన గాడ్గిల్ ఫార్ములాలో జనాభాకు 60 శాతం, నడుస్తున్న భారీ సాగునీటి, విద్యుత్ ప్రాజెక్టులకు 10 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. ప్రత్యేక హోదా లేని సాధారణ రాష్ట్రాలకు వచ్చే సాయంలో 30 శాతమే గ్రాంటు, మిగతా 70 శాతం అప్పు.

అసలు చిక్కు ప్రణాళిక ముగిసే రోజున మొదలయ్యేది. పూర్తయిన పథకం నిర్వహణ భారం ప్రణాళికేతర పద్దుకు మారిపోయేది. ప్రణాళికేతరం అంటే దండగ ఖర్చన్న భావం పాలనలో పాతుకుపోయింది కాబట్టి, పొదుపు ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ కోత అక్కడే పడేది. ఖాళీ అయిన లస్కర్ పోస్టు ఖాళీగానే ఉండిపోయేది. రాష్ట్రాలు మాత్రం ప్రణాళిక పరిమాణాన్ని గొప్పగా చెప్పుకుని కొత్త శంకుస్థాపనలు చేసేవి. ఉన్న డబ్బు అన్నింటికీ పలచగా పంచడంతో ఏదీ పూర్తికాక, ఆగిన ప్రాజెక్టుల కోసం 1996-97లో కేంద్రం సత్వర సాగునీటి ప్రయోజన పథకం తేవాల్సి వచ్చింది.

కాలువ దగ్గరికెళ్లి చూస్తే ఈ పద్దుల ఫలితం కళ్లకు కడుతుంది. లైనింగ్ పలకలో సన్నటి పగులు వస్తుంది. దాంట్లోంచి దిగిన నీరు వెనక మట్టిని కోసేస్తుంది, రెండు మూడు సీజన్లలో పలక కూలుతుంది. పూడిక, గుర్రపుడెక్క కలిసి నీటి వేగాన్ని తగ్గిస్తాయి. తుప్పుపట్టిన షట్టరు దిగదు. పైతట్టు పొలాల్లో నీరు నిలిచిపోతుంది, చివరి ఆయకట్టు ఎండుతుంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలారు. 2010 వచ్చేసరికి వాటి ఆధునికీకరణకు ప్రపంచ బ్యాంకు రుణం కావాల్సి వచ్చింది. ఏటేటా చేయని చిన్న మరమ్మతులు ఇలాగే చివరికి అప్పుతో చేసే పెద్ద పనులవుతాయి.

ప్రణాళిక, ప్రణాళికేతర తేడా ఎత్తేయాలని 2011లో రంగరాజన్ కమిటీ సూచించింది. 2015 జనవరి 1న ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది; నిధులు పంచే అధికారం దానికి లేదు. వై.వి.రెడ్డి నేతృత్వంలోని 14వ ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. 12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది, 2017-18 బడ్జెట్ నుంచి పాత పద్దులు పోయాయి.

రోజువారీ ఖర్చు రెవెన్యూ వ్యయం, ఆస్తుల నిర్మాణం మూలధన వ్యయం అన్న గీత మాత్రం మిగిలింది. నిర్వహణ రెవెన్యూ వైపు పడుతుంది, ప్రోత్సాహమంతా మూలధనం వైపు. 2020-21లో రూ.12,000 కోట్లతో మొదలైన ఆ వడ్డీలేని రుణం 2024-25 బడ్జెట్‌లో రూ.1.5 లక్షల కోట్లకు చేరింది.

ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు నిర్వహించాలి, ఆ ఖర్చు రాష్ట్రం భరించాలి. సాగునీటి పనుల సవివర ప్రాజెక్టు నివేదికలైన డీపీఆర్‌లలోనూ నిర్మాణ అంచనా పక్కనే ఇలాంటి నిర్వహణ పద్దు ఉండి తీరాలి. అది లేని ఫైలును వెనక్కి పంపాలి.