“మా వంశంలో ఎవరికీ లేదు”: జన్యువుల గురించి అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తలసీమియా, సికిల్ సెల్ (రెండూ హిమోగ్లోబిన్ లోపంతో వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బులు) ఉన్న పిల్లల తల్లిదండ్రులు. మిగతావాళ్ళు పెళ్ళి కుదిరాకో, నెల తప్పాకో “ఒకసారి కనుక్కుందాం” అని వచ్చేవాళ్ళు. జన్యువుల గురించి ఇళ్ళలో తిరిగే మాటల్లో కొన్నిటివల్ల ఎవరికీ నష్టం లేదు. కొన్ని మాత్రం కోడలి మీద నింద వేస్తాయి, చేయించాల్సిన పరీక్షను వాయిదా వేయిస్తాయి, చివరికి రెండో బిడ్డకూ అదే జబ్బు వచ్చేదాకా తీసుకెళ్తాయి. వాటి గురించే ఎక్కువగా రాస్తాను.

అపోహ: “మా వంశంలో ఎవరికీ లేదు. మా బాబుకెలా వస్తుంది?”

హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువు మన 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి. రెండిట్లో ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటివాళ్ళని క్యారియర్లంటాం, రిపోర్టుల్లో “తలసీమియా మైనర్” అని రాస్తారు. వాళ్ళు పొలం పనిచేస్తారు, ఉద్యోగాలు చేస్తారు, ఎనభై ఏళ్ళు బతుకుతారు. ఒంట్లో ఇలాంటిదొకటి ఉందని వాళ్ళకే తెలియదు. తరాల తరబడి ఇలా చడీచప్పుడు లేకుండా నడిచిన జన్యువు, ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకున్న రోజునుంచే ప్రమాదంగా మారుతుంది. వాళ్ళ ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం రెండు చెడిన ప్రతులూ చేరడానికి. అలా చేరితే వచ్చే జబ్బే “తలసీమియా మేజర్”. వంశంలో ఎవరికీ లేదంటే, ఎవరికీ బయటపడలేదని మాత్రమే అర్థం.

ఆ క్యారియర్‌ని కనిపెట్టే అవకాశం చాలాసార్లు చేతిలో ఉన్న కాగితంలోనే ఉంటుంది. ఒక రిపోర్టు ఎలా ఉంటుందో చూపిస్తాను. మూడో నెల గర్భిణి, సీబీపీలో (రక్తకణాల లెక్క చూసే మామూలు పరీక్ష) హిమోగ్లోబిన్ 10.6. “రక్తం తక్కువుంది” అని ఐరన్ మాత్రలు రాస్తారు, అంతటితో కాగితం ఫైల్లోకి వెళ్ళిపోతుంది. అదే కాగితంలో ఇంకో రెండు అంకెలున్నాయి: ఎర్రకణాలు 56 లక్షలు, ఎంసీవీ 62. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు పరిమాణం, అది 80 లోపుంటే కణాలు చిన్నవని. ఐరన్ చాలక చిన్నవైతే మామూలుగా వాటి సంఖ్య కూడా తగ్గుతుంది. ఇక్కడ సంఖ్య తగ్గకపోగా పెరిగింది. ఎంసీవీ 62ని ఎర్రకణాల సంఖ్య 5.6తో (56 లక్షలంటే 5.6 మిలియన్లు) భాగిస్తే 11 చిల్లర వస్తుంది. 13 కంటే తక్కువ వచ్చిందంటే తలసీమియా మైనర్‌ని అనుమానించాలి.

తేల్చి చెప్పేది హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలుస్తుంది. హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ కిందే లెక్క. (ఐరన్ బాగా తగ్గి ఉంటే ఈ అంకె కిందికి దిగి మోసం చేయొచ్చు. అందుకే సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.) తర్వాత చేయించాల్సింది భర్తకు. ఇద్దరూ క్యారియర్లని తేలితే ఇద్దరిలో ఏ మార్పు ఉందో ముందు కనుక్కుని, 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న నమూనా తీసి బిడ్డ సంగతి చూస్తారు. ఆ తర్వాత ఏం చేయాలన్నది దంపతుల నిర్ణయం, అందులో మేం వేలు పెట్టం. కానీ నిర్ణయం తీసుకునే వ్యవధి వాళ్ళకి దొరకాలి. ఐదో నెల దాటాక వస్తే చాలా దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. “ఆమెకి చేశారు కదా, నాకెందుకు?” అని రక్తమివ్వడానికి వెనకాడే భర్తలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళని ఒప్పించడానికే నా సమయంలో పెద్ద భాగం పోతుంది. ఒప్పించకుండా పంపలేను కూడా.

అపోహ: “తలసీమియా సింధీలకు, పంజాబీలకు వస్తుంది. సికిల్ సెల్ ఆదివాసీలకు వస్తుంది. మనకు రాదు.”

కొన్ని సమూహాల్లో ఎక్కువున్న మాట నిజం. కానీ దేశం మొత్తమ్మీద వందలో ముగ్గురు నలుగురు బీటా తలసీమియా క్యారియర్లే, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. శివరాంపల్లిలోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీలో రక్తం ఎక్కించుకుంటున్న పిల్లల పక్కన కాసేపు కూర్చుంటే ఈ మాట ఎవరూ అనరు. సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువ. దాని కోసమే 2023 జులైలో కేంద్రం ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది. అంతమాత్రాన బంజారాహిల్స్‌లో ఉన్నవాళ్ళకి రాదని కాదు.

అపోహ: “నలుగురిలో ఒకరికన్నారు. మొదటివాడికి వచ్చేసింది కాబట్టి ఇక ముగ్గురికి రాదు.”

గవ్వలు వేసేటప్పుడు కిందటి పందెంలో ఏం పడిందో గవ్వలకు గుర్తుండదు. ప్రతి కాన్పూ కొత్త పందెమే, ప్రతిసారీ అదే పాతిక శాతం. ఇద్దరు పిల్లలకీ వచ్చిన ఇళ్ళు చూశాను, ముగ్గురూ ఆరోగ్యంగా ఉన్న ఇళ్ళూ చూశాను. ఈ ఒక్క అపోహ వల్ల పరీక్ష మానేసి రెండో బిడ్డను కన్న తల్లిదండ్రులని చూసినప్పుడు కలిగే బాధ ఇంకే కేసులోనూ కలగదు.

అపోహ: “పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నాడు. ఏడో నెలలో ఏదో అయింది. పుట్టుకతో వచ్చిందైతే అప్పుడే కనబడాలి కదా!”

తల్లులు చెప్పేది అక్షరాలా నిజం. బాబు నిజంగానే బొద్దుగా పుట్టాడు. ఆరేడు నెలలకు పాలిపోవడం మొదలైంది, పాలు మానేశాడు, పొట్ట ఉబ్బింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అన్నప్రాసన చేసి ఉంటారు, టీకా వేయించి ఉంటారు. దాంతో దిష్టి తగిలిందనో, టీకా పడలేదనో, తల్లి పాలలో బలం లేదనో అంటారు. ముఖ్యంగా ఆ చివరి మాట ఆ అమ్మాయిని ఏళ్ళ తరబడి కోస్తూనే ఉంటుంది.

అసలు జరిగిందేమిటంటే, జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. మన కాలేయంలోని కణంలోనూ, చర్మంలోని కణంలోనూ హిమోగ్లోబిన్ జన్యువులున్నాయి, కానీ నోరు మెదపవు. ఎర్రకణాలు తయారయ్యే చోట మాత్రమే మేల్కొంటాయి. అక్కడ కూడా ఏ జన్యువు పనిచేయాలన్నది వయసును బట్టి మారుతుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు గామా అనే గ్లోబిన్ జన్యువులు పనిచేస్తాయి, వాటితో తయారయ్యేదే ఫీటల్ హిమోగ్లోబిన్. తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవడానికి అది మరింత అనువైనది. పుట్టే ముందునుంచే గామా తగ్గుతూ, బీటా పెరుగుతూ వస్తుంది. ఆరు నెలలు వచ్చేసరికి భారమంతా దాదాపు బీటా మీద పడుతుంది. ఆ బీటా చెడిపోయిన బిడ్డకు ఇబ్బంది మొదలయ్యేది అప్పుడే. లోపం మొదటి రోజునుంచీ ఉంది, దాని అవసరం పడింది ఏడో నెలలో. తల్లి పాలకు, టీకాకు, దిష్టికి ఇందులో ఏ పాత్రా లేదు. ఈ మాట అత్తగారిని కూడా ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతాను.

ఇంకో సంగతి. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యే మార్పు ప్రోటీన్‌ను నిర్ణయించే భాగంలో ఉండదు. జన్యువు నకలు నుంచి కత్తిరించి పారేయాల్సిన భాగంలో ఉంటుంది. అక్కడ డీఎన్ఏ రాతలో జీ అనే అక్షరం బదులు సీ పడుతుంది, అంతే. దాంతో కత్తిరింపు తప్పుచోట జరిగి బీటా గ్లోబిన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. “పనికిరాని డీఎన్ఏ” అని ఎవరైనా కొట్టిపారేస్తుంటే నాకు ఈ ఒక్క అక్షరమే గుర్తొస్తుంది.

అపోహ: “మంచి ఆలోచనలతో, చూర్ణాలతో జన్యువులను ఆన్, ఆఫ్ చేసుకోవచ్చట.”

జన్యువుల పని హెచ్చుతగ్గులవుతుంది, మందులతో దాన్ని మార్చడమూ సాధ్యమే. సికిల్ సెల్‌లో వాడే హైడ్రాక్సీయూరియా ఫీటల్ హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది, నొప్పుల దాడులు తగ్గుతాయి. కానీ అది మోతాదు చూసుకుంటూ, తరచూ రక్తపరీక్షలు చేయిస్తూ వాడే మందు. వీడియోల్లో అమ్మే చూర్ణాలకు ఆ లెక్కేమీ ఉండదు. చూర్ణం నమ్ముకుని రక్తం ఎక్కించడం ఆపేస్తే తలసీమియా మేజర్ ఉన్న బిడ్డ గుండె దెబ్బతింటుంది. దయచేసి ఆపకండి.

అపోహ: “మాది మేనరికం కాదు. గోత్రాలు కూడా వేరు. భయం లేదు.”

మేనరికం గురించి మనవాళ్ళలో రెండు అతివాదాలున్నాయి. మేనరికమైతే బిడ్డకు లోపం ఖాయమన్నది ఒకటి. ఏ దంపతులకైనా పుట్టుకలోపంతో బిడ్డ పుట్టే అవకాశం 2 నుంచి 3 శాతం ఉంటుంది. మేనబావ, మేనమరదలు పెళ్ళాడితే అది దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. మేనమామ, మేనకోడలైతే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మేనబావ మరదళ్ళు తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటే, వీళ్ళు నాలుగో వంతు పంచుకుంటారు. తాతల కాలంనుంచీ వరసగా మేనరికాలే జరిగిన ఇంట్లో లెక్క మరింత బరువెక్కుతుంది. అలాంటి జంట ఇప్పటికే ఒకటై ఉంటే వాళ్ళని బెదిరించడం వల్ల ఒరిగేదేమీ లేదు. కుటుంబ చరిత్ర రాసుకుని పరీక్షలు చేయించాలి.

రెండోది, మేనరికం కాకపోతే చాలన్నది. ఇది మరింత ప్రమాదం. గోత్రం తండ్రి వరుసలోనే నడుస్తుంది. సొంత మేనమామ కూతురి గోత్రం ఎప్పుడూ వేరేగానే ఉంటుంది కదా! కాబట్టి రక్తసంబంధాన్ని గోత్రంతో కొలవలేం. పైగా వందల ఏళ్ళుగా కులం లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాం. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాకు చెందిన 260కి పైగా సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవని తేలింది. అంటే మనకు ఏ చుట్టరికమూ తెలియని ఇద్దరిలో కూడా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే లోపం ఉండొచ్చు.

మన దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్యులది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా కొన్ని నిమిషాలే. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం ఈ సమూహంలో మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. లోపం ఉన్నవాళ్ళకి ఆ ప్రభావం గంటలపాటు ఉండిపోయి వెంటిలేటర్ అవసరమవుతుంది. మిగతా జీవితమంతా వాళ్ళు పూర్తి ఆరోగ్యవంతులే. అందుకే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ కులం అడిగితే నొచ్చుకోకండి, మీ ప్రాణం కోసమే అడుగుతున్నారు. ఇలాంటిది ఒక్క సమూహంలోనే ఉందనుకోకూడదు. ఎవరి మూట వాళ్ళకుంది, ఇదొకటి ముందుగా తెలిసింది.

చిన్న చిన్నవి కొన్ని:

భార్యాభర్తలది ఒకే బ్లడ్ గ్రూప్ అయితే పిల్లలకు లోపాలొస్తాయనడం తప్పు, సంబంధాలు ఇందుకోసం వదులుకోవద్దు. చూడాల్సింది తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయిన సందర్భం. దానికి యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది.

ఆడపిల్ల పుట్టడానికి తల్లి కారణమనేవాళ్ళకి: తల్లి దగ్గర ఎక్స్ క్రోమోజోమ్ మాత్రమే ఉంటుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు.

గ్రహణం చూస్తే మొర్రి వస్తుందంటారు. బిడ్డ పెదవి రెండో నెల ముగిసేలోపే అతుక్కుంటుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే ఏర్పడిన పెదవిని చీల్చలేదు. మొర్రికి ఒక్క కారణం ఉండదు, అనేక జన్యువులు, గర్భం తొలివారాల్లోని పరిస్థితులు కలిసి పనిచేస్తాయి.

అపోహ: “జన్యువు మార్చిన బియ్యం తింటే మన జన్యువులు మారిపోతాయి.”

మనం తినే ప్రతి మెతుకులోనూ, ప్రతి గోంగూర ఆకులోనూ జన్యువులున్నాయి. అన్నీ కడుపులో జీర్ణమైపోతాయి. అయితే “జన్యువు మార్చడం” అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనుల్ని కలిపేస్తున్నారు. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి సంకరంతో వచ్చింది. ఆకు ఎండు తెగులును తట్టుకునే మూడు జన్యువులు వేరే వరి రకాల నుంచి చేరాయో లేదో డీఎన్ఏ గుర్తులతో చూసుకుంటూ ఎంపిక చేశారు. బీటీ పత్తిలోకి నేలలో ఉండే బ్యాక్టీరియా నుంచి పురుగును చంపే జన్యువు తెచ్చిపెట్టారు, 2002లో అనుమతి వచ్చింది. తర్వాత గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చింది, ఆ నష్టం మన పత్తి రైతులకు బాగా తెలుసు. 2025 మేలో ప్రకటించిన “కమల” వరి రకాన్ని రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. అందులో బయటి జన్యువేమీ లేదు, సాంబ మసూరిలో ఉన్నదాన్నే సవరించారు. వ్యతిరేకించదలిస్తే దేన్ని వ్యతిరేకిస్తున్నామో తెలుసుకుని వ్యతిరేకించాలి.

అపోహ: “క్రిస్పర్ వచ్చేసింది కదా, ఇక జబ్బు వంశం నుంచే పోతుంది.”

ఈ ప్రశ్న అడిగే తండ్రుల కళ్ళలో ఆశ కనిపిస్తుంది, ఆ ఆశకి ఆధారం లేకపోలేదు. క్రిస్పర్ అంటే డీఎన్ఏను అనుకున్న చోట కత్తిరించి సవరించే పద్ధతి. దాన్ని వాడి చేసే, 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్స తలసీమియాకు, సికిల్ సెల్‌కు రెండిటికీ పనిచేస్తుంది. చెడిన బీటా జన్యువును అది ముట్టుకోదు. ముందు చెప్పిన గామాను పెద్దయ్యాక అణచిపెట్టేది బీసీఎల్11ఏ అనే జన్యువు. రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, ఎర్రకణాల్లో ఆ జన్యువు పనిచేయడానికి కావాల్సిన చిన్న భాగాన్ని కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. ఫీటల్ హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. పెద్దయ్యాక కూడా ఫీటల్ హిమోగ్లోబిన్ తగ్గని తీరు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. వాళ్ళలో తలసీమియా తేలిగ్గా ఉండటం చూసే ఈ దారి దొరికింది.

ఖర్చు అమెరికాలో 22 లక్షల డాలర్లు. ఎక్కించే ముందు పాత మూలుగను తుడిచేయడానికి గట్టి కీమో ఇవ్వాలి, దానివల్ల సంతానం కలిగే అవకాశం దెబ్బతినొచ్చు. ఇప్పటికి మన పిల్లలకు అందుబాటులో ఉన్న శాశ్వత చికిత్స సరిపోయే దాత నుంచి మూలుగ మార్పిడే. ఒక్కో తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి.

వంశం సంగతి. క్యాస్‌జెవీలో మారేది రక్తం తయారుచేసే కణాలు మాత్రమే, అండాలూ వీర్యకణాలూ మారవు. పిండంలోనే మార్చే పని 2018లో చైనాలో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త చేశాడు. ప్రపంచమంతా తప్పుబట్టింది, అక్కడి కోర్టు మూడేళ్ళ జైలు వేసింది. కాబట్టి తలసీమియా మేజర్ ఉన్న అబ్బాయి రేపు ఈ చికిత్సతో రక్తం ఎక్కించుకోవడం పూర్తిగా మానేసినా, అతని పిల్లలందరికీ చెడిన ప్రతి ఒకటి వెళ్ళే తీరుతుంది. భార్య క్యారియర్ కాకపోతే పిల్లలు ఆరోగ్యవంతులైన క్యారియర్లవుతారు. ఆమె కూడా క్యారియరే అయితే ప్రతి కాన్పుకీ సగానికి సగం అవకాశం మేజర్ రావడానికి. అతనికి నయమైందని ఆమెకు హెచ్‌బీఏ2 పరీక్ష మానేయకూడదు.