ఇంఫాల్ కొండల్లో మిగిలిపోయిన జపాన్ సైన్యం: జనరల్ ముతగుచి కథ

రెండో ప్రపంచ యుద్ధంలో మణిపూర్‌లోని ఇంఫాల్ కోసం జపాన్, బ్రిటిష్ సైన్యాలు తలపడ్డ ఇంఫాల్ యుద్ధం అనగానే మనకు నేతాజీ గుర్తొస్తారు. 1944 ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో, జపాన్ పక్షాన పోరాడిన ఆయన ఆజాద్ హింద్ ఫౌజ్ ఎగరేసిన జెండా గుర్తొస్తుంది. ఇంఫాల్ నుంచి ఆ మొయిరాంగ్‌కు పోయే టిడ్డిమ్ రోడ్డు పక్కనే ఒక గుట్ట ఉంది. స్థానికులు లోట్పాచింగ్ అంటారు. యుద్ధం తర్వాత దానికి ఎర్రగుట్ట అనే అర్థం వచ్చేలా రెడ్ హిల్ అన్న పేరు కూడా పడింది. అక్కడ చనిపోయిన తమ సైనికుల కోసం జపాన్ 1994లో స్మారకం కట్టించింది. 2019 జూన్‌లో ఇంఫాల్ శాంతి మ్యూజియం కూడా అక్కడే తెరిచారు. తండ్రుల, తాతల అస్థికలు దొరకని కుటుంబాలు జపాన్ నుంచి వచ్చి ఆ గుట్ట దగ్గర దండం పెట్టుకుని పోతుంటాయి.

ఇంతమంది ఇక్కడెందుకు చనిపోయారని జపాన్‌లో అడిగితే ముందుగా వినిపించే పేరు లెఫ్టినెంట్ జనరల్ రెన్యా ముతగుచి.

ఆయన 1888లో సాగాలో పుట్టాడు. 1937 జూలై 7 రాత్రి బీజింగ్ దగ్గర మార్కో పోలో వంతెన వద్ద కాల్పులు జరిగినప్పుడు అక్కడున్న జపాన్ రెజిమెంట్ ఆయన చేతికిందే ఉంది. ఆ కాల్పులతోనే చైనాతో పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది. అప్పుడు ఆయన పైఅధికారి మసకజు కవాబే. ఈ పేరు గుర్తుంచుకోండి, ఏడేళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ మీద జరిగిన దాడిలో ముతగుచి 18వ డివిజన్‌ను నడిపించాడు, అక్కడే గాయపడ్డాడు. ఆ తర్వాత బర్మా వచ్చాడు.

ఆ ఏడాది బర్మా నుంచి మనవాళ్ళు కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. బర్మా వదిలిన భారతీయుల్లో ఎంతోమంది తము, పాలెల్ మీదుగా ఇంఫాల్‌కు కాలినడకన చేరారు. దారిలో కలరాతో, ఆకలితో రాలిపోయినవాళ్ళకు లెక్క లేదు. ఆ కొండలు ఎలాంటివో ఆ జనం ముందే చూశారు.

నిజానికి ముతగుచికీ తెలుసు. 1942లో అస్సాం మీదికి వెళ్ళాలన్న ఆలోచన పైనుంచి వచ్చినప్పుడు, ఆ కొండల్లో సైన్యాన్ని నడిపి తిండి అందించడం కుదరదని చెప్పినవాళ్ళలో ఆయన ఒకడు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తెలియక చేసిన తప్పు కాదు ఇది.

1943 మొదట్లో బ్రిటిష్ అధికారి వింగేట్ దాదాపు 3,000 మందితో చిండ్విన్ నది దాటి అదే అడవుల్లోంచి బర్మాలోకి చొరబడ్డాడు. వాళ్ళు రాగలిగితే మనమెందుకు పోలేమని ముతగుచి మనసు మారింది. ఆ ఏడాది మార్చిలో బర్మాలోని జపాన్ 15వ ఆర్మీకి కమాండర్ కూడా అయ్యాడు. మార్కో పోలో వంతెన దగ్గర తన చేతుల మీదుగా మొదలైన యుద్ధానికి ఇండియాలోకి దూసుకెళ్ళి ముగింపు తేవాలన్న పట్టుదల ఆయనలో ఉండేది. సరఫరా సాధ్యం కాదని చెప్పిన తన చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఒబతను పదవిలోంచి తప్పించాడు. ఇక బర్మాలో ఆయన పైన ఉన్న కమాండర్ ఎవరనుకున్నారు? కవాబేనే. పాత శిష్యుడి ఉత్సాహానికి అడ్డుపడలేదు. 1944 జనవరిలో ఇంఫాల్ మీద దాడికి టోక్యో అనుమతి వచ్చేసింది.

మార్చిలో ముతగుచి కింది మూడు డివిజన్లు ఇంఫాల్, దానికి ఉత్తరాన ఉన్న కోహిమాల వైపు కదిలాయి. సైనికుల దగ్గరున్న తిండి సుమారు మూడు వారాలకు సరిపడేది. ఆలోపు ఇంఫాల్‌లోని బ్రిటిష్ గోదాములు చేతికొస్తాయని లెక్క. సామాన్లు మోయడానికి బర్మా రైతుల పశువులను వేలల్లో తోలుకొచ్చారు. బరువు మోసినన్నాళ్ళు మోస్తాయి, తర్వాత కోసుకు తినొచ్చు అన్నది ఆలోచన. నాగలి కట్టే ఎద్దుకు నిటారు కొండ ఎక్కడం ఏం తెలుసు? కొన్ని చిండ్విన్ దాటుతూనే ప్రవాహంలో కొట్టుకుపోయాయి. నది దాటినవి బరువుతో లోయల్లో పడ్డాయి, మేత లేక కూలబడ్డాయి.

అటువైపు బ్రిటిష్ కమాండర్ జనరల్ స్లిమ్ తన సైన్యాన్ని ఇంఫాల్ మైదానానికి వెనక్కి లాగి, శత్రువు తన గోదాములకు దూరమయ్యేదాకా ఆగాడు. కోహిమా నుంచి ఇంఫాల్ వచ్చే దారి మూసుకుపోయినా ఆయన మనుషులకు విమానాల్లో తిండి, తూటాలు వచ్చాయి. బర్మా పడమటి తీరంలోని అరకాన్ నుంచి 5వ భారత డివిజన్‌ను కూడా విమానాల్లోనే దించారు. జపాన్ వైపు ఆ వసతి లేదు. వర్షాలు మొదలయ్యాక దారులన్నీ బురద. మలేరియా, రక్త విరేచనాలు, సరైన తిండి లేక వచ్చే బెరిబెరి జబ్బు.

కోహిమా దగ్గర 31వ డివిజన్‌ను నడిపిన జనరల్ సతో తిండి పంపమని అడిగి అడిగి విసిగిపోయాడు. చివరికి మే నెలాఖరులో ఆదేశాన్ని కాదని తన మనుషులను వెనక్కి తీసుకెళ్ళాడు. ముతగుచి ఆయన్ని పదవి నుంచి తీసేశాడు. మిగతా ఇద్దరు డివిజన్ కమాండర్లు యనగిద, యమవుచిలకూ అదే గతి పట్టింది. ఒకే పోరాటంలో ముగ్గురు డివిజన్ కమాండర్లనూ తొలగించడం జపాన్ సైన్యంలో ఎన్నడూ లేదు.

జూన్ మొదట్లో కవాబే స్వయంగా ముతగుచి దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పని అయిపోయిందని ఇద్దరికీ తెలుసు. ఆపేద్దాం అనే మాట తన గొంతు దాకా వచ్చి ఆగిపోయిందని, తన మొహం చూసి కవాబే అర్థం చేసుకుంటాడని ఆశపడ్డానని ముతగుచి తర్వాత చెప్పుకున్నాడు. కవాబే కూడా అడగలేదు. ఆ నెల 22న బ్రిటిష్ సైన్యానికి కోహిమా–ఇంఫాల్ దారి తెరుచుకుంది. దాడి ఆపమన్న ఆదేశం మాత్రం జూలైలో గానీ రాలేదు. ఆ మధ్య వారాల్లో రోజూ మనుషులు చనిపోతూనే ఉన్నారు.

జపాన్ వైపు చనిపోయినవాళ్ళు సుమారు 30,000 మంది. తూటా కంటే ఆకలి, జబ్బులే ఎక్కువమందిని తీసుకెళ్ళాయి. వెనక్కి వెళ్ళిన దారికి బతికినవాళ్ళు తెల్ల ఎముకల బాట అని పేరు పెట్టుకున్నారు.

సతో తనను కోర్టు మార్షల్ చేయమని పట్టుబట్టాడు. అక్కడ అన్నీ చెప్పాలనుకున్నాడు. మానసిక స్థితి సరిగా లేదని తేల్చి, ఆ విచారణే జరగకుండా చేశారు. ముతగుచిని ఆగస్టు చివర్లో తప్పించారు, కానీ మరుసటి ఏడాది మొదట్లో సైనిక విద్యార్థుల స్కూలుకు అధిపతిగా మళ్ళీ పిలిచారు. యుద్ధం తర్వాత సింగపూర్‌లో నిర్బంధంలో ఉండి, 1948లో ఇంటికి చేరాడు. 1960ల్లో ఒక మాజీ బ్రిటిష్ అధికారి ఆయన వ్యూహాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాక, తప్పు కింది అధికారులదేనని చెప్పుకుంటూ మిగతా కాలం గడిపాడు. 1966లో ఆయన అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు కూడా అదే చెప్పే కరపత్రాలు పంచారని చెబుతారు.

సతో 1959లోనే పోయాడు. షికోకు దీవిలో, ఆయన వెంట కోహిమా నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఆయన పేరున ఒక రాయి నిలబెట్టారు.